మైకు ముందు నువ్వే

హెడ్‌ఫోన్లు పెట్టుకో. కుడి చెవి మీది కప్పు కాస్త వెనక్కి జరుపు, లేకపోతే నీ గొంతు నీకే వినపడదు. మైకుకి జానెడు దూరంలో నిలబడు. ఇంకా దగ్గరికి వస్తే గొంతు ఉబ్బినట్టు పడుతుంది. దూరం జరిగితే గది మోత కూడా పడుతుంది. అక్కడే ఆగు. కదలకు.

టక్. టక్. టక్. టక్.

నాలుగు లెక్కలు అయిపోయాయి. ఐదో దెబ్బ మీద పాట ఎత్తుకోవాలి. నోరు తెరుస్తావు. గాలి వస్తుంది, మాట రాదు. గిటార్ నీకోసం ఆగదు. పొద్దున నువ్వే వాయించి పెట్టిన గిటార్ అది. పల్లవి మొదటి పాదం వెళ్ళిపోతుంది, రెండోదీ వెళ్ళిపోతుంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మేనల్లుడు స్పేస్ బార్ నొక్కి ఆపుతాడు.

"మామా, పాడవేంది?"

ఇది పాలంపేటలో మీ ఇంటి వెనక గది. మొన్నటిదాకా ఇందులో వడ్ల బస్తాలుండేవి. ఇప్పుడు కిటికీకి రెండు బొంతలు, తలుపుకి పాత రగ్గు వేలాడుతున్నాయి. మే నెల, మిట్టమధ్యాహ్నం. చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాను ఆపేశారు. చెమట కంట్లోకి కారుతోంది. హన్మకొండలో స్టూడియో దొరకదా అంటే దొరుకుతుంది, గంట లెక్కన. గిటార్ అయితే ఆ గంటలో రెండు పాటలు ముగించుకుని బయటపడతావు. గొంతు సంగతి వేరు. అద్దం అవతల ఇంజనీరు గడియారం వైపు చూస్తే చాలు, నీ గొంతు మూసుకుపోతుంది. అందుకే ఈ గది, ఈ బొంతలు, ఈ ఉక్క.

నువ్వు గిటార్ వాయిస్తావు. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో, గణేశ్ మండపాల దగ్గర, మేడారం జాతర ముందు రికార్డయ్యే సమ్మక్క సారలమ్మ పాటల్లో. స్టేజీ మీద నీ చోటు ఎప్పుడూ ఒకటే, డ్రమ్స్‌కి ఎడమ పక్కన, మీరంతా అన్న అని పిలిచే సింగర్ వీపు కనపడే చోట. ఆ వీపు చూసి అతను ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో చెప్పగలవు. అతను పొరపాటున ఒక చరణం దాటేసి ఇంకో చరణం ఎత్తుకుంటే, అతనికి తెలిసేలోపే నీ వేళ్ళు ఆ చరణానికి మారిపోయి ఉంటాయి. జనానికి తప్పు జరిగిందనే తెలియదు. చప్పట్లు అతనికి పడతాయి. అందులో అన్యాయమేమీ లేదు, నీ పని అది. కోరస్‌లో నీ గొంతు కూడా ఉంటుంది, మూడు గొంతుల్లో ఒకటిగా కలిసిపోయి. అది విడిగా ఎలా ఉంటుందో ఇప్పటిదాకా ఎవరూ వినలేదు.

"మళ్ళీ పెట్టు," అంటావు.

ఈసారి పాడతావు. మొదటి పాదం పడింది. రెండోది పడింది. పల్లవి చివర 'ఆపన్నా, నేనిక్కడ దిగుత' అనే ముక్క దగ్గర ఒక చిన్న గమకం కూడా వేస్తావు. పాట నువ్వే రాశావు. ప్రోగ్రాం అయిపోయాక, తెల్లవారుజామున ములుగు బస్సులో గిటార్ ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చేవాడి పాట. నిద్రమత్తులో ఊరు దాటిపోతుందేమోనని కండక్టర్ని పిలిచే పిలుపే దానికి పల్లవి. డ్రమ్స్ హన్మకొండలో మీ ట్రూప్ డ్రమ్మర్ వాయించి పంపాడు. బేస్ ఇంకో మిత్రుడు. మిగతా అంతా నువ్వే.

మేనల్లుడు వెనక్కి జరిపి వినిపిస్తాడు. నీకు నచ్చుతుంది. సుతి తప్పలేదు, తాళం తప్పలేదు. వాడి మొహం మాత్రం వెలగదు.

"బాగుంది మామా. కాకపోతే ఇది నీ గొంతు కాదు. అన్న గొంతు."

ఒళ్ళు జల్లుమంటుంది, ఎందుకంటే వాడన్నది నిజం. ఆ గమకం అన్నది. చివరి అక్షరాన్ని ముక్కులోకి లాగడం అన్నది. ఏళ్ళ తరబడి ఎవరి వీపు చూస్తూ వాయించావో, నోరు తెరిస్తే వాళ్ళే పలుకుతున్నారు. పక్కన వాయించేవాడు ముందుకొచ్చినప్పుడు మొదట పడే గుంట ఇదే. సుతి తప్పితే ఎవరైనా చెబుతారు. ఇది చెప్పే మేనల్లుడు అందరికీ ఉండడు.

హెడ్‌ఫోన్లు తీసి కొక్కేనికి తగిలిస్తావు. చెప్పులేసుకుని బయటికి నడుస్తావు.

కాళ్ళు రామప్ప గుడి వైపే తీసుకెళతాయి. ఊళ్ళో ఇంకెక్కడికి పోతావు? గేటు ముందు టూరిస్టు బస్సులు, సోడాలు, కాల్చిన మక్క కంకుల వాసన. చెప్పులు విడిచి లోపలికి అడుగు పెడతావు. బండలు కాలుతున్నాయి, వేళ్ళ మీద నడుస్తావు. నక్షత్రపు ఆకారంలో ఎత్తుగా కట్టిన అరుగు, దాని మీద ఎర్ర ఇసుకరాతి గుడి, చూరు కింద నల్లరాతి మదనికలు. గైడు ఒకాయన గుంపుని వెంటేసుకుని చెబుతున్నాడు. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, శాసనం ఉంది. శిఖరంలోని ఇటుకలు నీళ్ళలో తేలుతాయి. 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఇవన్నీ చిన్నప్పటి నుంచి విన్నవే. నువ్వు గైడును దాటుకుని రంగమండపంలోకి వెళతావు.

లోపల చల్లగా ఉంటుంది. నాలుగు నల్లరాతి స్తంభాలు. తోమిన రాయి, వెలుతురు పడ్డచోట మెరుస్తుంది. నాట్యగత్తెల శిల్పాలు చూడ్డానికే అందరూ వస్తారు. నువ్వు ఇవాళ వాళ్ళని చూడవు. వాళ్ళ పక్కన చూస్తావు.

మద్దెలవాళ్ళు.

ప్రతి నాట్యం పక్కనా వాళ్ళున్నారు. నడుం దగ్గర వాద్యం, దాని మీద చెయ్యి, వంగిన మోకాళ్ళు. బొమ్మ చిన్నదే. కాని ఉలి దగ్గర తేడా చూపించలేదు. వేళ్ళు వేళ్ళుగానే ఉన్నాయి. చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకుంటావు. నాట్యగత్తె కాలు ఎత్తింది. ఆ కాలు ఎప్పుడు నేలకి తగలాలో ఆ మద్దెలవాడికి తెలుసు. ఎనిమిది వందల ఏళ్ళుగా అతను ఆ దెబ్బ కోసం కాచుకుని ఉన్నాడు. నీ చోటు నీకు కనపడుతుంది, డ్రమ్స్‌కి ఎడమ పక్కన.

గణపతిదేవుడి గజసేనాని జాయప నాట్యం మీద నృత్తరత్నావళి రాశాడు, 1253-54 ప్రాంతంలో. ఆ పుస్తకాన్నీ ఈ రాళ్ళనీ ఎదురెదురుగా పెట్టుకుని చదివి నటరాజ రామకృష్ణ మన కాలంలో పేరిణి నాట్యానికి ప్రాణం పోశాడు. జాయప వాద్యాల మీద కూడా ఒక పుస్తకం, వాద్యరత్నావళి, రాశాడంటారు. ఆట పుస్తకం మనదాకా వచ్చింది. వాద్యాల పుస్తకం రాలేదు. మద్దెలవాడి ముందు నిలబడి ఇది తలుచుకుంటే ఎక్కడో మండుతుంది.

గర్భగుడి ద్వారం పక్కన, చెట్టు కింద వేణువు ఊదే కృష్ణుడు. అక్కడ వేలితో మీటితే రాయి స్వరాలు పలుకుతుందని గైడ్లు చెబుతుంటారు. నీ జేబులో ఫోన్ ఉంది, అందులో రికార్డర్ ఉంది. ఒక్కసారి గోరుతో తట్టు. ఆ శబ్దం పాట మొదట్లో పెట్టు. రామప్ప రాతి స్వరంతో మొదలయ్యే రాక్ పాట! జనం ఎగబడతారు. చుట్టూ చూస్తావు. ఎవరూ లేరు. వేలు ముందుకెళుతుంది.

వద్దు. వచ్చిన ప్రతివాడూ ఒక్కసారే అనుకుని తడితే ఈ రాయి ఎన్నాళ్ళుంటుంది? చెయ్యి జేబులో పెట్టుకుంటావు. బయటికొచ్చి, అరుగు మీద కూర్చుని, ఫోన్‌లో గుడి సందడిని రికార్డు చేస్తావు. గంట, పిల్లల అరుపులు, బండ మీద ఒట్టి పాదాల చప్పుడు. ఇవి చాలు.

అంతలో గుంపులో ఒక పిల్ల అడుగుతుంది, "రామప్ప అంటే రాజా?" గైడు నవ్వి, కాదమ్మా, గుడి చెక్కిన శిల్పి పేరు అంటారు, అని చెబుతాడు. లోపలున్నది రామలింగేశ్వరుడు. కట్టించింది రేచర్ల రుద్రుడు. శాసనంలో ఉన్నది రుద్రుడి పేరు, జనం నోట్లో నిలిచింది పనివాడి పేరు.

నీలాంటివాడు ముందుకొచ్చిన దాఖలా ఉందా? ఉంది, మన దగ్గరే. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు. వయొలిన్ అంటే గాత్రం పక్కన కూర్చునే పక్కవాద్యమని లోకమంతా అనుకునే రోజుల్లో, 1938లో వేలూరులో ఒక్కడే కూర్చుని కచేరీ చేశాడు. వయొలిన్‌కి అదే మొదటి సోలో కచేరీ అంటారు. ఇళయరాజా జి.కె. వెంకటేశ్ దగ్గర గిటార్ వాయించినవాడు. తమన్ మణిశర్మ దగ్గర పనిచేసి 2009లో 'కిక్'తో జనానికి తెలిశాడు. కాని ఇళయరాజా, తమన్ నడిచింది సినిమా దారి. అక్కడ పాటని మోయడానికి హీరో ఉంటాడు. సినిమా లేకుండా తెలుగు పాప్ పాట తెచ్చినవాళ్ళు కొద్దిమందే. తొంభైల్లో రమణ గోగుల ఒక పాప్ ఆల్బమ్ తెచ్చాడు, ఆ తర్వాత ఆయన్నీ సినిమాయే పిలుచుకుంది. మన రోజుల్లో దారి తెరిచింది జానపదాలే. 2021లో 'బుల్లెట్టు బండి'కి ప్రతి పెళ్ళి బరాత్‌లో ఆడారు. సినిమా లేదు, హీరో లేడు. పాడిన మోహన భోగరాజు పేరు అందరికీ తెలుసు. వాయించినవాళ్ళ పేర్లు ఎవరైనా అడిగారా?

ఫోన్ మోగుతుంది. అన్న.

"తమ్మీ, మీ అల్లుడు స్టేటస్‌ల ఆ ముక్క పెట్టిండు, విన్న. మస్తుంది. ఎవరు పాడుతున్నరు?"

"నేనే అన్నా."

కాసేపు మాట లేదు. తర్వాత నవ్వు, చెడ్డ నవ్వు కాదు.

"నువ్వెందుకు రా కష్టపడుడు? ట్యూన్ నాకియ్యి, పాట కూడ. ఇరవై అయిదు వేలు పంపుత, ఇప్పుడే. నా చానల్ల ఏస్తే వారంల ఊరూరా మోగుతది. నువ్వేస్తే ఎవరు ఇంటరు, చెప్పు?"

అతను చెప్పింది అబద్ధం కాదు. అతనికి వినేవాళ్ళున్నారు. నీ చానల్లో ఉన్నది మేనల్లుడి స్నేహితులు. ఇరవై అయిదు వేలంటే ఈ మైకు, ఈ తీగలు, అప్పు, అన్నీ తీరతాయి. ఫోన్ టింగుమంటుంది. అప్పుడే కాగితం పంపాడు. అరుగు మీద కూర్చుని చదువుతావు. చివర్లో ఒక వాక్యం ఉంది. ఈ పాట మీద అన్ని హక్కులూ శాశ్వతంగా వదులుకుంటున్నాను, భవిష్యత్తులో ఎలాంటి వాటా అడగను.

ఇక్కడ ఆగు. సంతకం పెట్టేవాళ్ళు చాలామంది ఈ వాక్యం చదవరు. 2012లో కాపీరైట్ చట్టానికి సవరణ జరిగింది. రాసినవాడు, బాణీ కట్టినవాడు పాటని అమ్ముకోవచ్చు, కాని రాయల్టీలో తనకొచ్చే సమాన వాటాని వదులుకోలేడు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వలేడు. రాసిచ్చినా ఆ మాట చెల్లదు. ఆ వాటా వసూలు చేసి పంచడానికి ఐపీఆర్‌ఎస్ అనే సొసైటీ ఉంది, అందులో సభ్యత్వం తీసుకోవాలి. ఇన్నేళ్ళూ నీ చేతికొచ్చింది వాయించిన రోజు కూలి. ఆ రోజుతో లెక్క ముగిసేది. ఈ పాట లెక్క అలా ముగియదు.

డబ్బు సంగతి పక్కన పెట్టు. అన్న పాడితే పాట బాగుంటుంది. నిజంగానే బాగుంటుంది. కాని ఆ బస్సులో అన్న లేడు. అతనికి కారుంది. అందులో తప్పేం లేదు, ఆ పిలుపు మాత్రం అతని నోట రాదు.

"అన్నా, ఈ ఒక్కటి నేనే పాడుత. ఏమనుకోకు."

"నీ ఇష్టం తమ్మీ."

పెట్టేశాడు. వచ్చే నెల పెళ్ళిళ్ళకి పిలుస్తాడో లేదో తెలియదు. లేచి ఇంటికి నడుస్తావు.

రాత్రి పదకొండు దాటింది. చుట్టుపక్కల బోరు మోటార్లు ఆగాక గాని మైకు పెట్టలేరు, వాటి గుయ్‌మనే మోత గోడల్లోంచి కూడా వస్తుంది. ఇప్పుడు ఆగాయి. అమ్మ ముందు గదిలో పడుకుంది. మేనల్లుడు ఎదురుగా ల్యాప్‌టాప్‌తో. ఈసారి వాడిని ఒకటి అడుగుతావు. "లైటు తీసెయ్. గిటార్ నా మెడలో ఉండనియ్, వాయించను."

పట్టీ భుజం మీద పడగానే ఒళ్ళు సర్దుకుంటుంది. ఎడమ చెయ్యి గిటార్ మెడ పట్టు మీదికి దానంతటదే వెళుతుంది. ఇక గొంతు కోసం వెతకవు. మెడ పట్టు మీద వేళ్ళు మారుతున్నాయి, వాటి వెనకే గొంతు వెళుతుంది. ఇన్నేళ్ళూ ఎదుటివాడి ఊపిరి విన్న చెవి ఇప్పుడు నీ ఊపిరి వింటోంది. గమకం లేదు. ముక్కులోకి లాగడం లేదు. కండక్టర్ని పిలిచినట్టే పిలుస్తావు.

మొదటి చరణం అయింది. మేనల్లుడు తలూపుతున్నాడు.

దూరంగా ఉరుము.

రెండో చరణం. బొంత కదిలింది. గాలి లేచింది. బయట ఎవరిదో రేకు కొట్టుకుంటోంది. పాడుతూనే ఉన్నావు.

కరెంటు పోయింది.

పాట ఆగలేదు. మైకుకి కావలసిన 48 వోల్టులూ దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ పెట్టె ఇస్తుంది, ఇంటర్‌ఫేస్‌కి కరెంటు ల్యాప్‌టాప్ నుంచి. ల్యాప్‌టాప్ ఇప్పుడు బ్యాటరీ మీద ఉంది. పాత బ్యాటరీ. తెర వెలుగులో మేనల్లుడి మొహం బిగుసుకుంది. వాడు మాట్లాడలేడు, మాట్లాడితే మైకులో పడుతుంది. వేళ్ళు చూపిస్తాడు. తొమ్మిది. తొమ్మిది శాతం.

ఇంకా చివరి పల్లవి ఉంది. పై స్థాయిలో. ఆపి సేవ్ చేస్తే ఇప్పటిదాకా పాడింది దక్కుతుంది. పాడుతుండగా ల్యాప్‌టాప్ ఆరిపోతే ఇదీ దక్కకపోవచ్చు. వాడు కళ్ళతో అడుగుతున్నాడు. ఆపనా?

తల అడ్డంగా ఊపుతావు.

ఏడు వేళ్ళు.

గిటార్ ముక్క నడుస్తోంది. నీదే. ఎనిమిది లెక్కలు. కడుపులోకి ఊపిరి తీసుకో. ఇంకా. వాన మొదలైంది. పెంకుల మీద పెద్ద చినుకులు. మైకులో పడుతోంది. పడనీ.

అయిదు.

ఎత్తుకో.

ఎత్తుకున్నావు. గొంతు పైకెళ్ళింది. 'ఆపన్నా' దగ్గర పగిలింది. ఆగకు. రెండోసారి. నిలబడింది. మూడు వేళ్ళు. చివరి పిలుపు. వదలకు. పట్టుకో.

అయిపోయింది.

వాడు సేవ్ నొక్కాడు. చిన్న చక్రం తిరుగుతోంది. తిరుగుతోంది. రెండు శాతం. ఆగింది. పడింది. ఫైలు పేరు కనపడింది. తెర నల్లబడింది.

"మామా," అంటాడు చీకట్లో, "పడ్డది."

ముందు గదిలోంచి అమ్మ గొంతు. "కరెంటు పోతె సుత ఆగరా మీరు?"

తెల్లారి విన్నాక ఇద్దరికీ వాదన. గొంతు పగిలిన చోట కంప్యూటర్‌లో సుతి సరిచేయొచ్చు, క్షణం పని. చేసి చూస్తారు. గీత నున్నగా అవుతుంది, పిలిచే మనిషి మాయమవుతాడు. పాతదే ఉంచుతారు. వానని తీయలేరు. డ్రమ్స్ కూడా అక్కడే జోరందుకుంటాయి కాబట్టి తీయాల్సిన అవసరమూ రాదు.

ఆ తర్వాత పని మిక్సింగ్. వాడు గొంతు పెంచుతాడు. నువ్వు తగ్గించమంటావు. గిటార్ వినపడట్లేదు, కొంచెం గొంతు తగ్గించు. ఇంకొంచెం. మూడోసారి అనేసరికి వాడు మౌస్ వదిలేసి నీ వైపు తిరుగుతాడు.

"ఇంకా తగ్గిస్తే మళ్ళ కోరస్‌ల పోయి నిలబడ్డట్టే మామా."

పక్కన వాయించేవాళ్ళలో ఈ అలవాటు ఉంటుంది. తమ పాట తామే మిక్స్ చేసుకున్నా గొంతుని వాద్యాల వెనక దాస్తారు. వినయం అనుకుంటారు. వినేవాడు మాత్రం మనిషి కోసం వెతుక్కుంటాడు, దొరక్క ఇంకో పాటకి పోతాడు. గొంతుని నువ్వు సర్దకు. కుర్చీ వాడికి వదిలేసి బయట నిలబడు. గోడ అవతల నుంచి మాటలు అర్థమయ్యాయా? అయితే సరిపోయింది.

విడుదలకి ముందు రోజు పాట ఎక్కించే ఫారం తెరుస్తావు. పాటకి 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ నంబరు, ఎక్కడ మోగినా ఇది ఈ రికార్డింగే అని పట్టుకోవడానికి. తర్వాత ఖాళీలు. ప్రధాన కళాకారుడు, నీ పేరు. రచన, నీ పేరు. బాణీ, నీ పేరు. కింద ఇంకో పెట్టె ఉంది, నింపకపోయినా పాట ఎక్కుతుంది, అందరూ వదిలేసే పెట్టె. డ్రమ్స్ ఎవరు, బేస్ ఎవరు, రికార్డింగ్ ఎవరు. ఒక్కొక్కటీ నింపుతావు. డ్రమ్మర్ ఇంటి పేరు అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఫోన్ చేసి మరీ అడుగుతావు.

"ఎందుకురా?" అంటాడు వాడు.

"పాటల పేరు పెడుతున్న."

"నా పేరా?" అంటాడు. తర్వాత అక్షరం అక్షరం చెబుతాడు.

పాట బయటికొచ్చిన మూడో రోజు అన్న ఫోన్ చేస్తాడు. పాట గురించి ఏమీ అనడు. ఆదివారం భూపాలపల్లిలో పెళ్ళి ఉంది, గిటార్‌కి మనిషి కావాలి.

"వస్తనన్నా," అంటావు. "కాని నడుమల నా పాట ఒకటి పెట్టాలె. నేను పాడుత."

"మరి గిటారెవరు కొడతరు?"

"నేనే. నువ్వు కోరస్ అందుకో."

"సుతి ఏంది?" అని అడుగుతాడు అన్న.